ఏ యేటి బండిని కొనవలెను?

ఒకే పేరు గల మోటారు సైకిలు ఏటేట క్రొత్త అలంకారముతో అంగడికి వచ్చుచుండును. నిరుటి బండికిని ఈ యేటి బండికిని భేదమేమని అడిగినచో అమ్మువాడు "ఇది క్రొత్తది" యనును. నిరుడు కొన్నవాడు "పాతదే గట్టిది" యనును. ఈ రెండు మాటలును నిర్ణయమునకు చాలవు. క్రొత్తదనము దానంతట అది గుణము కాదు. పాతదనము దానంతట అది దోషము కాదు. ఒక యేటినుండి మరియొక యేటికి బండిలో ఏమి మారినది? ఎందులకు మారినది? కొన్న పిమ్మట ఆ మార్పును మనమే చేర్చుకొనగలమా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము రాబట్టినవానికే సంవత్సరపు అంకె ప్రయోజనకారి యగును. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతియే.

మా పై తరగతుల విద్యార్థులు మట్టిదారులలోను, కొండదారులలోను నడచు మోటారు సైకిళ్లను గూర్చి ఉత్సాహముగా మాటలాడుకొనుచుండుట మేము వినుచునే యున్నాము. వారి అన్నలలో కొందరు అట్టి బండ్లను పాతవిగా కొన నెంచుచున్నారు. కోరువారు పిల్లలు, వెల కట్టువారు తలిదండ్రులు. కర్మాగారములలో పనిచేయు కుటుంబములకు అది కొన్ని యేండ్లు కూడబెట్టిన సొమ్ము. అంతకు మించి, ఆ బండిపై కూర్చుండువాని ప్రాణము దాని చక్రములపై ఆధారపడి యుండును. కావున ఇది పిల్లలును పెద్దలును కలిసి చదువదగిన విషయము.

ఉదాహరణమునకు ఎన్నుకొన్న బండి

మన అంబత్తూరు చక్రముల పేరు చెప్పి బ్రతికిన ఊరు. 1949లో ఇచ్చట టి.ఐ. సైకిళ్ల కర్మాగారము వెలసినది. 1964లో పారిశ్రామిక వాడ ఏర్పడినది. ప్రక్కనున్న పాడిలో బండ్లకు కావలసిన విద్యుత్పరికరములు, బ్రేకులు, చక్రములు తయారు చేయు సంస్థలు గలవు. ఇక్కడికి దూరము కాని తిరువొత్తియూరులో ఇంగ్లండులోని రెడిచ్ నగరపు సంస్థయు, మద్రాసు మోటార్సు సంస్థయు కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీని నెలకొల్పి బుల్లెట్ బండ్లను తయారు చేయనారంభించినవి. ఆ సంస్థయే నేడు రాయల్ ఎన్‌ఫీల్డ్ అను పేరుతో ఒరగడము, వల్లము వడగాలు ప్రాంతములలో పెద్ద కర్మాగారములను నడుపుచున్నది.

ఆ సంస్థవారు మట్టిదారుల నడకకై ప్రత్యేకముగా నిర్మించిన 'హిమాలయన్' అను బండి 2016 మార్చిలో వెలువడినది. దాని ఇంజను 411 సి.సి.; బలము ఇంచుమించు 24 అశ్వశక్తి. ముందు చక్రము 21 అంగుళములు, వెనుక చక్రము 17 అంగుళములు. బండి అడుగు భాగము నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తున నుండును. పెద్ద ముందు చక్రము గుంటలో దిగబడక దాని అంచునెక్కి దాటును. ఎత్తైన అడుగు రాతికి తగులదు. పొడుగుగా కదలు స్ప్రింగులు కుదుపును మ్రింగును. కమ్ములు గల చక్రము దెబ్బ తగిలినపుడు పగులుటకు మారు వంగును. వంగినదానిని మరల సరిచేయవచ్చును. మట్టిదారి బండి లక్షణములు ఇవియే. ఈ లక్షణములు 2016 నుండి 2023 వరకు మారలేదు. మారినవి వేరు. అందువలన ఏ యేటి బండి అను ప్రశ్నకు ఇది మంచి పాఠము.

బండి వయస్సు తెలిసికొను విధము

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రదేశమున పశువుల సంతలో ఎద్దును కొనువాడు మొదట దాని నోరు తెరిచి పండ్లు చూచును. రెండు పళ్ల కోడెయా, నాలుగు పళ్ల కోడెయా, కడపళ్లు వేసినదా అని చూచిన తరువాతనే బేరమునకు దిగును. అమ్మువాడు చెప్పు వయస్సును ఎవరును నమ్మరు. మోటారు సైకిలునకును అట్టి పండ్లు గలవు. రిజిస్ట్రేషను పత్రములో తయారైన నెలయు సంవత్సరమును, రిజిస్ట్రేషను జరిగిన తేదియు వేరువేరుగా వ్రాయబడి యుండును. ఈ రెండును ఒకటి కావు.

2019 డిసెంబరులో తయారైన బండి 2020 ఫిబ్రవరిలో అమ్ముడు పోయినచో దాని యజమాని దానిని "2020 బండి" యనును. అతడు అబద్ధమాడుట లేదు. కాని బండి మాత్రము 2019 నాటిదే. 2020 బండిలోని మార్పులు దానియందు ఉండవు. కావున కొనువారు పత్రములోని తయారీ నెలను చూచి, చట్రముపై కొట్టిన సంఖ్యయు, ఇంజనుపై కొట్టిన సంఖ్యయు పత్రముతో అక్షరము అక్షరము సరిపోల్చవలెను. పత్రము ఇంగ్లీషులోనో తమిళములోనో ఉండుటచే చదువలేని తల్లిదండ్రులకు పిల్లలు చదివి వినిపింపవలెను. చదువు ఇంటికి ఉపయోగపడు తావులలో ఇది యొకటి.

మార్పులు మూడు విధములు

ఏటేట బండిలో కలుగు మార్పులను మూడు తెగలుగా విభజింపవచ్చును. చట్టము చేయించిన మార్పులు మొదటి తెగ. వాడుకలో తెలిసిన లోపములను సరిదిద్దు మార్పులు రెండవ తెగ. కంటికి ఇంపుగా రంగును గీతలను మార్చుట మూడవ తెగ. ప్రకటనలలో మూడవ తెగయే పెద్ద అక్షరములతో కనబడును. మొదటి తెగ చిన్న అక్షరములలో దాగియుండును. కొనువాడు ఈ వరుసను తలక్రిందులు చేసి చదువవలెను.

చట్టము తెచ్చిన మార్పులలో నాలుగు తేదీలు జ్ఞాపకముంచుకొనదగినవి.

మొదటిది 2017 ఏప్రిల్ 1. ఆ దినమునుండి పొగను అదుపు చేయు 'భారత్ స్టేజ్' నియమములలో మూడవ మెట్టునకు చెందిన బండ్లను అమ్మరాదనియు, రిజిస్టరు చేయరాదనియు సుప్రీముకోర్టు 2017 మార్చి 29న ఆదేశించినది. నాలుగవ మెట్టు అమలునకు వచ్చినది. ఆనాటి నుండియే ద్విచక్ర వాహనముల ముందు దీపము ఇంజను నడచునంతసేపును వెలుగుచుండవలెనను నియమము కూడ వచ్చినది.

రెండవది 2019 ఏప్రిల్ 1. 125 సి.సి.కి మించిన ద్విచక్ర వాహనములన్నిటికిని చక్రము బిగియకుండ కాపాడు బ్రేకు ఏర్పాటు, అనగా ఏ.బి.ఎస్., తప్పనిసరి యైనది. క్రొత్తగా వెలువడు నమూనాలకు అంతకు ఒక యేడు ముందే ఇది విధింపబడినది.

మూడవది 2020 ఏప్రిల్ 1. భారత్ స్టేజ్ అయిదవ మెట్టును దాటి ఆరవ మెట్టునకు దేశము ఒక్కసారిగా ఎగబ్రాకినది. పెట్రోలులోని గంధకము నాలుగవ మెట్టులో పది లక్షల భాగములకు 50 భాగములు. ఆరవ మెట్టులో 10 భాగములే.

నాలుగవది 2023 ఏప్రిల్ 1. పొగను అదుపు చేయు భాగములు సరిగా పనిచేయుచున్నవో లేవో బండి తానే కనిపెట్టి దీపముతో తెలుపు ఏర్పాటు అప్పటినుండి తప్పనిసరి యైనది. ఇరువది శాతము ఇథనాలు కలిసిన పెట్రోలునకు తట్టుకొను గొట్టములు, రబ్బరు భాగములు గల బండ్లు వచ్చుటయు ఆ కాలముననే.

ఈ నాలుగు తేదీలను ఒక కాగితముపై వ్రాసికొన్నచో ఏ సంస్థవారి బండినైనను సగము పరీక్షించినట్లే. తేదీకి ఇటు ప్రక్కదియా, అటు ప్రక్కదియా అని చూచిన చాలును.

హిమాలయన్ ఏయే యేట ఎట్లు మారినది

2016 నాటి తొలి బండికి ఇంధనమును గాలిలో కలుపునది కార్బ్యురేటరు. అది గాలి ఈడ్పును బట్టి సన్నని రంధ్రముగుండ పెట్రోలును వదలు సాధనము. దానికి తెలివి లేదు. సముద్రమట్టమున సరిచేసిన కార్బ్యురేటరు పదునేడు వేల అడుగులకు పైబడిన లదాఖు కనుమలలో, గాలి ఒత్తిడి సగమునకు తగ్గినచోట, గాలికి తగినంతకంటె ఎక్కువ పెట్రోలును వదలును. ఇంజను నీరసించి పొగ విడుచును. దీనికొక మేలును గలదు: సాధారణ మెకానిక్కు విప్పి, శుభ్రపరచి, మరల బిగింపగలడు.

2017 సెప్టెంబరులో నాలుగవ మెట్టునకు తగిన బండి వచ్చినది. ఇందు కార్బ్యురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చినది. గాలి ఒత్తిడిని, వేడిమిని కొలిచి, చిన్న యంత్రమెదడు లెక్కగట్టినంత పెట్రోలునే ఇది చిమ్మును. చలిలోను, ఎత్తులోను ఇంజను సుళువుగా అంటుకొనును.

2018 సెప్టెంబరులో ఏ.బి.ఎస్. గల హిమాలయన్ అమ్మకమునకు వచ్చినది. చట్టము గడువునకు కొన్ని నెలలు ముందుగనే వచ్చినదన్నమాట. కావున 2018 చివర, 2019 మొదట తయారైన బండి కనబడినచో ఏ.బి.ఎస్. ఉన్నదని అనుకొనక, కన్నులార చూడవలెను. బ్రేకు పళ్లెము ప్రక్కన చీలికలు గల చిన్న లోహపు వలయము ఉండును. తాళము త్రిప్పినపుడు మీటరులో ఏ.బి.ఎస్. దీపము వెలిగి, బండి కదలిన పిమ్మట ఆరును. దీపము అసలు వెలుగకున్నను, వెలిగి ఆరకున్నను సందేహింపవలెను.

2020 జనవరిలో ఆరవ మెట్టు బండి వెలువడినది. ఇందులోని ముఖ్యమైన చేర్పు, వెనుక చక్రపు ఏ.బి.ఎస్.ను కావలసినపుడు ఆపివేయు మీట. ముందు చక్రమునకు మాత్రము అది ఎల్లప్పుడును పనిచేయుచుండును. ఆపదలో నాలుగు దీపములును ఒక్కసారి మినుకుమినుకుమనునట్లు చేయు మీటయు, ప్రక్క స్టాండులో మార్పును దీనితోనే వచ్చినవి. బండి బరువు 199 కిలోలకు చేరినది.

2021 ఫిబ్రవరి నాటి బండికి దారి చూపు చిన్న గుండ్రని తెర, మార్చిన సీటు, ఎత్తు పెంచిన గాలి అద్దము, సవరించిన సామాను చట్రములు, క్రొత్త రంగులు వచ్చినవి. ఇంజను అదియే, బ్రేకులు అవియే. 2022లో విద్యుత్ చిప్పుల కొరతచే ఆ తెర లేకుండ కూడ బండ్లను అమ్మిరి. అదే యేడు మార్చిలో ఇదే ఇంజనుతో, 19 అంగుళముల ముందు చక్రముతో 'స్క్రామ్ 411' అను తోబుట్టువు వెలువడినది. పేరు వేరైనను ఇంజను ఒకటే యగుటచే విడిభాగముల విషయమున ఇది 411 బండి కొనువారికి ఊరట.

2023 నవంబరులో హిమాలయన్ అను పేరు నిలిచియుండగనే బండి సమస్తమును మారిపోయినది. 452 సి.సి. ఇంజను, నీటితో చల్లబడు ఏర్పాటు, అయిదింటికి బదులు ఆరు గేర్లు, నలువదికి ఇంచుక తక్కువగ అశ్వశక్తి, 17 లీటర్ల ట్యాంకు. ఇంత బలము పెరిగినను బరువు 196 కిలోలే. సీటు ఎత్తు మాత్రము 800 మిల్లీమీటర్లనుండి 825కు పెరిగినది. 2024లో ట్యూబు లేని కమ్ముల చక్రములు వచ్చినవి. అంతకుముందు కొన్నవారును వాటిని వేరుగా కొని అమర్చుకొను వీలు కలిగినది.

చేర్చుకొనగలవి, చేర్చుకొనలేనివి

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వత్తము. పై మార్పులలో కొన్నిటిని కొన్న పిమ్మటను సంపాదింపవచ్చును. గాలి అద్దము, సీటు, సామాను చట్రము, మంచి టైర్లు, ట్యూబు లేని చక్రములు ఇట్టివి. దారి చూపు తెర పని చేతిలోని ఫోను చేయును. వీటి నిమిత్తము ఒక యేడు క్రొత్తదానికి వేలకు వేలు ఎక్కువ ఇచ్చుట అనవసరము. కొన్ని మార్పులను ఎంత సొమ్మిచ్చినను పాత బండికి సక్రమముగ అతుకలేము. ఏ.బి.ఎస్., ఫ్యూయల్ ఇంజెక్షను, ఇంజను చల్లబడు విధానము, చట్రము ఇట్టివి. వెల చెల్లింపదగినది వీటికే.

వీటిలో ఏ.బి.ఎస్.కు ప్రథమ స్థానము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. అడ్డముగా పిల్లవాడో, ఆవో వచ్చినపుడు మనిషి ఆలోచింపడు. చేతికొలది బ్రేకు నొక్కును. తడిసిన రోడ్డుపై అట్లు నొక్కినచో ముందు చక్రము తిరుగుట మాని జారును. తిరుగని చక్రము దారి మళ్లదు, బండి పడును. ఏ.బి.ఎస్. చక్రము బిగియబోవు క్షణమును కనిపెట్టి, బ్రేకు ఒత్తిడిని సెకనుకు పలుమారులు వదలి పట్టును. చక్రము తిరుగుచునే వేగము తగ్గును. నడుపువాడు బండిని ప్రక్కకు మళ్లింపగలడు.

అయినచో వెనుక చక్రపు ఏ.బి.ఎస్.ను ఆపు మీట ఎందులకని విద్యార్థులు అడుగవచ్చును. గులకరాళ్లపైనను, పొడి ఇసుకలోను ఏ.బి.ఎస్. మాటిమాటికి బ్రేకును వదలుటచే బండి ఆగు దూరము పెరుగును. బిగిసిన చక్రము తన ముందు మట్టిని కుప్పగా త్రోసికొని దానికే ఆనుకొని ఆగును. నిటారు దిగుడులలో నేర్పరియైనవాడు వెనుక చక్రమును కొంచెము జార్చి వంపు తిరుగుటయు గలదు. మట్టిదారికి మాత్రమే ఈ మీట. దానిని తారురోడ్డుపై ఆపి నడుపుట గొడుగు చేత పట్టుకొని వానలో తడియుట వంటిది.

రెండేండ్ల మధ్య నిర్ణయము

పై నియమములను ఇక జంటజంటలుగా అన్వయించి చూతము.

2017 మొదటి భాగమునకు ముందటి బండియా, 2018 బండియా? ఇంజెక్షను గల 2018 బండియే మేలు. వెల మిక్కిలి తక్కువగ ఉండి, కార్బ్యురేటరు పని తెలిసిన మెకానిక్కు అందుబాటులో ఉన్నపుడే మొదటిదానిని ఆలోచింపవలెను. ఏ సంస్థ నమూనాకైనను తొలి యేట తెలియని చిన్న లోపములు మలి యేటికి సవరింపబడుట సహజమని కూడ మరువరాదు.

2018 బండియా, 2019 బండియా? ఇందు మాకు సందేహము లేదు. ఏ.బి.ఎస్. గలదానినే తీసికొనవలెను. రెండింటి వెలలోను ఇరువది వేల వ్యత్యాసము ఉన్నదనుకొందము. బండిని ఎనిమిదేండ్లు వాడినచో అది నెలకు రెండువందల రూపాయల పైచిలుకు మాత్రమే. ఒక్కసారి పడి ఎముక విరిగినవాని ఆసుపత్రి ఖర్చుతో దానిని పోల్చి చూచుకొనుడు.

2019 బండియా, 2020 బండియా? పట్టణమున నడుపువారికి ఈ రెండింటికిని పెద్ద భేదము లేదు. బాగుగా చూచుకొన్నది ఏదో దానిని కొనవచ్చును. మట్టిదారులలో నిజముగ నడుపువారికి మీట గల 2020 బండి మేలు. పొగ తక్కువగు గుణము మన ఒక్కరికి కాక వీధికంతకు మేలు చేయునది. దానికిని కొంత విలువ కట్టుట ధర్మము.

2020 బండియా, 2021 బండియా? సంవత్సరము చూడనక్కరలేదు. గొలుసు, పండ్ల చక్రములు అరిగినవా, హాండిలు త్రిప్పినపుడు నడుమ పట్టినట్లగుచున్నదా, చక్రపు కమ్ములు వదులైనవా, చట్రపు అతుకులలో పగులున్నదా, ముందు ఫోర్కులనుండి నూనె కారుచున్నదా అని చూడవలెను. ఎక్కువ దూరము తిరిగిన 2021 బండికంటె, తక్కువ తిరిగి వేళకు నూనె మార్చబడిన 2020 బండి శ్రేష్ఠము.

411 బండియా, 450 బండియా? ఇవి వరుస సంవత్సరములవిగా కనబడినను వరుసలోనివి కావు. పేరు మాత్రమే ఉమ్మడి. పొట్టివారికిని, నెమ్మదిగ నడుపువారికిని 411 అనువు. దూరప్రయాణములలో వేగము కోరువారికి 450 అనువు. క్రొత్తది కొనువారు మరియొక విషయము గమనింపవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి.కి మించిన మోటారు సైకిళ్లపై వస్తు సేవల పన్ను 40 శాతమైనది; అంతకు పూర్వము సెస్సుతో కలిపి 31 శాతము. 350 సి.సి. లోపలివాటికి 28 నుండి 18కి తగ్గినది. పెద్ద ఇంజను అవసరమా అను ప్రశ్నకు ఈ లెక్కయు ఒక సమాధానము. అంబత్తూరునుండి పారిశ్రామిక వాడకు పోయి వచ్చుటకు మట్టిదారి బండి ఏ మాత్రమును అవసరము లేదు. వాన వెలిసిన పిమ్మట మన వీధుల గుంటలు ఎంత లోతైనను నూరు సి.సి. బండి వాటిని దాటింపగలదు.

పత్రములను గూర్చి

పాత బండి కొనుటలో మోసము ఇనుములో కంటె కాగితములో ఎక్కువ. రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లకు చెల్లును. 2016లో రిజిస్టరైన బండికి ఆ గడువు 2031. వెల కట్టునపుడు మిగిలిన యేండ్లను లెక్కింపవలెను.

మన ప్రాంతపు బండ్ల సంఖ్య 'టి.ఎన్. 13'తో మొదలగును. చిత్తూరు, తిరుపతి వైపు బంధువుల వద్ద చవుకగ దొరకినదని ఆంధ్రప్రదేశ్ సంఖ్య గల బండిని తెచ్చుకొనువారు మన వారిలో పలువురు. అట్టివారు అక్కడి కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రమును తప్పక తీసికొనవలెను. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచినచో ఇక్కడి సంఖ్యకు మార్చుకొనవలెననియు చట్టము. ఇక్కడ మరల చెల్లింపవలసిన పన్నును వెలలో కలిపి చూచినచో చవుక అనుకొన్నది చవుక కాకపోవచ్చును. బదిలీ దరఖాస్తును కొన్నవారు 30 దినములలో ఇయ్యవలెను. అప్పుపై కొన్న బండి యైనచో అప్పు తీరినదను బ్యాంకు పత్రము చూడక సొమ్ము చెల్లింపరాదు.

2018 సెప్టెంబరు 1 తరువాత అమ్మిన క్రొత్త ద్విచక్ర వాహనములకు అయిదేండ్ల మూడవ పక్షపు బీమా ఒక్కసారిగ తీసికొనవలెనను నియమము వచ్చినది. ఆ లెక్కన 2019, 2020 బండ్లకు ఆ గడువు తీరిపోయినది. కొత్త బీమా ఉన్నదో లేదో అడుగక బండి నెక్కరాదు.

విద్యార్థులకు ఒక మాట

గేర్లు గల మోటారు సైకిలు నడుపుటకు లైసెన్సు పదునెనిమిదేండ్లు నిండినవారికే లభించును. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము అంతకు లోబడిన వయస్సుగలవాడు బండి నడిపి నేరము చేసినచో తండ్రికో యజమానికో 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వరకు కారాగారమును విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దగును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు ఈయరు. ఒక్క సాయంకాలపు సరదాకు ఇది మిక్కిలి పెద్ద వెల. ఆ వయస్సు వచ్చువరకు మీరు చేయదగిన పని బండిని తెలిసికొనుట. కార్బ్యురేటరులో గాలి వేగము పెరిగిన ఒత్తిడి ఎందుకు తగ్గును, ఎత్తునకు పోయినకొలది గాలి ఎందుకు పలుచబడును, జారు చక్రమునకును తిరుగు చక్రమునకును ఒరపిడిలో భేదమేమి అనునవన్నియు మీ భౌతికశాస్త్ర పుస్తకములోని పాఠములే.

ఉబ్బలమడుగు జలపాతమునకును, నాగలాపురము కొండలకును నగరమునుండి యువకులు మోటారు సైకిళ్లపై పోవుట సాధారణమైనది. అడవిలోని బాటలు మనవి కావు. అటవీశాఖవారి అనుమతి లేనిదే బండితో ప్రవేశింపరాదు. ఏ.బి.ఎస్. గల బండియైనను, నడుపువానికిని వెనుక కూర్చున్నవానికిని శిరస్త్రాణము లేనిచో ఈ వ్యాసములో చెప్పిన లెక్కలన్నియు వ్యర్థము.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఇంట బండి కొనవలసివచ్చినపుడు నాలుగు తేదీలు గల కాగితమును పిల్లవాని చేతికిచ్చి, తయారీ నెలను, చట్రపు సంఖ్యను, ఏ.బి.ఎస్. దీపమును వానిచేతనే చూపించుకొనుడు. బండి పేరును కాక బండిని పరీక్షించుట వానికి అలవడినచో, ఆ వివేకము బండి కొనుటతో ఆగదు.